తుపాకీని పడుకోబెట్టిన సాయంత్రం

నాకు సంతకం వరకే వచ్చు. అది కూడా కోర్టు కాగితాల మీద పెట్టగా పెట్టగా చెయ్యి తిరిగింది. ఇప్పుడు నేను చెప్తుంటే పక్క వాటాలో ఉండే టీచరమ్మ రాస్తోంది. ఆవిడ ముస్లింలావిడ. బడి నుంచి వచ్చి, నమాజు చేసుకుని, టీ గ్లాసుతో వచ్చి నా గుమ్మంలో కూర్చుంటుంది. నా గొంతు బొంగురు. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకి కేకలేసి కేకలేసి ఇలా అయింది. బందరు వచ్చాక కేకలేసే పని లేకుండా పోయింది. టిఫిన్ హోటల్లో గిన్నెలు తోముతాను. ఇటు పెట్టు, అటు జరుగు అనే మాటలు తప్ప రోజంతా నా నోట్లోంచి వేరే మాట రాదు. అందుకే రాస్తానని ఆవిడ అంటే సరేనన్నాను.

చెప్పాల్సింది ఒకటే సంగతి. మా ఆయన తుపాకీ దెబ్బకి పోయాడు. తన తుపాకీతో తనే పోయాడని అందరూ అన్నారు. జారిపడితే పేలిందని కొందరు, కావాలనే చేసుకున్నాడని ఇంకొందరు. నాకు పిల్లల్లేరు, ఉన్నది ఆ మనిషి ఒక్కడే. ఆ మనిషి నన్ను వద్దనుకుని వెళ్ళిపోయాడా, లేక నా చేతుల్లోంచి జారిపోయాడా? ఇది తేలాలి నాకు. తేలినంత మాత్రాన తిరిగి వస్తాడని కాదు. వద్దనుకుని పోయినవాడికి ఒకలా ఏడవాలి, పోగొట్టుకున్నవాడికి ఇంకోలా ఏడవాలి. ఏ ఏడుపు ఏడవాలో తెలియక చాలాకాలం నేను ఏడవనే లేదు.

దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రపు గాలి తగిలే చోట మా మకాం ఉండేది. మకాం అంటే చేపల చెరువు గట్టు మీద కాపలా వాళ్ళకి వేసే రేకుల గది. చెరువు గుడివాడ ఆసామిది, కాపలా మా ఆయనది. మేత బస్తాలకి చిల్లులు పొడిచి నీళ్ళలో పాతిన గడలకి కట్టడం, చేపలు గాలాడక పైకి తేలితే ఇంజను వెయ్యడం, పిట్టల్ని తోలడం ఆయన పనులు. నీటికాకులు మందలు మందలుగా దిగేవి. అవి మునిగాయంటే నోట్లో చేప లేకుండా లేవవు. గూడబాతులు ఇంకో బెడద, పెద్ద పెద్ద బూడిద రంగు పిట్టలు, మేత బస్తాలు చింపేసేవి. వాటిని బెదరగొట్టడానికి ఆసామి లైసెన్సు తీసి ఒంటి గొట్టం తుపాకీ ఒకటి ఇచ్చాడు. ఆకాశంలోకి పేలిస్తే చాలు, లేచిపోయేవి.

పక్క చెరువు మా ఆసామి తోడల్లుడిది. ఇద్దరూ ఒకే కొట్లో ఒకేసారి రెండు తుపాకులు కొన్నారు. పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలిసేది కాదు. మా ఆయన గుర్తు కోసం మాదాని కర్రకి ఎర్ర దారం చుట్టుకున్నాడు.

ఆ పక్క చెరువు కాపలా అతను పెళ్ళి కాని మనిషి, పెడన వైపు నుంచి వచ్చాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. వచ్చిన రోజు నన్ను అక్కా అన్నాడు, మా ఆయన్ని బావా అన్నాడు. ఆ వరస అలాగే నిలిచిపోయింది. వండుకోవడం చేతకాక రెండు పూటలా మా దగ్గరే తినేవాడు. నా గొంతు మీద ఎప్పుడూ వేళాకోళమే.

"అక్క ఒక్క కేకేస్తే నీటికాకులు లంక దాటి పోతాయి బావా, మనకెందుకీ తుపాకులు" అనేవాడు.

"దానికి లైసెన్సు లేదురా, బయటికి తియ్యకూడదు" అనేవాడు మా ఆయన.

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేను గరిటె విసిరితే తమ్ముడు పట్టుకుని, ఆ గరిటెతోనే కూర వడ్డించుకునేవాడు.

మా ఆయనకి తుపాకీ అంటే భయం. గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగేవాడు. లోపల తూటా పెట్టుకుని నడిచేవాడు కాదు. పిట్టలు దిగాక, కాళ్ళు కుదురుగా నిలదొక్కుకుని, నడుం సంచిలోంచి తూటా తీసి పెట్టి, కాల్చి, డొప్ప తీసేసేవాడు. డొప్ప అంటే పేలిపోయిన ఖాళీ తూటా. దాని అడుగు ఇత్తడి. ఆ ఇత్తడి మధ్యలో బొట్టుబిళ్ళంత బిళ్ళ ఉంటుంది. తుపాకీ లోపలి సూది ఆ బిళ్ళని పొడిస్తే మందు అంటుకుంటుంది. చూసి చూసి నాకు కూడా ఈ మాత్రం తెలిసింది.

సాయంత్రం ఇంకో పని చేసేవాడు. ఉప్పు గాలికి గొట్టం తుప్పు పడుతుందని ముందు వైపు గుడ్డ పీలిక కుక్కి, వెనక వైపు ఒక ఖాళీ డొప్ప దూర్చి మూసేవాడు. అప్పుడు గుర్రాన్ని వదిలేవాడు. గుర్రమంటే తుపాకీ వెనక ఉండే కొక్కెం. అది పడితే సూది పొడుస్తుంది. గుర్రాన్ని లాగి ఉంచితే లోపలి స్ప్రింగు అలిసిపోతుందని, ఉత్త గొట్టం మీద వదిలితే సూది విరుగుతుందని ఎవరో చెప్పారట. ఖాళీ డొప్ప మీద వదిలితే దేనికీ నష్టం లేదు. టక్ మని చిన్న చప్పుడు వచ్చేది. పొద్దున్న బయల్దేరేటప్పుడు గుడ్డ పీలిక పీకేసేవాడు, డొప్ప మాత్రం పిట్టలు దిగేదాకా లోపలే ఉండేది.

"తుపాకీని పడుకోబెట్టానే, అన్నం పెట్టు" అనేవాడు.

ఆ టక్ వినపడితేనే నేను కంచాలు కడిగేదాన్ని. రెండు మావి, ఒకటి తమ్ముడిది.

డొప్పలన్నీ మా మకాంలో ఒక డాల్డా డబ్బాలో ఉండేవి. ఖాళీవి చూపిస్తేనే ఆసామి కొత్త తూటాలు ఇచ్చేవాడు. తమ్ముడి గది కురిసేది కాబట్టి అతని డొప్పలు కూడా మా డబ్బాలోనే పడేవి. ఆసాములిద్దరూ ఎప్పుడూ కలిసే వచ్చేవాళ్ళు. ఏ డొప్ప ఎవరి తుపాకీదో చూసినవాళ్ళు లేరు.

అది చలికాలం. చెయ్యి చాపితే వేళ్ళు కనపడనంత మంచు పట్టింది. తెల్లవారుతుండగా మా ఆయన గోనెసంచి తల మీద నుంచి కప్పుకుని, తుపాకీ భుజానికి తగిలించుకుని, మేత బస్తా కట్టడానికి వెళ్ళాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తుపాకీ పేలింది. రోజూ వినేదే కదా. పిట్టలు దిగాయి కాబోలనుకుని పొయ్యి ఊదుకుంటున్నాను. మంచులో చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. టీ కాగింది. ఆయన రాలేదు. కేకేశాను. నా కేకకి జవాబుగా తమ్ముడి అరుపు వినపడింది.

నేను పరిగెత్తేసరికి రెండు చెరువుల మధ్య నడిగట్టు వార నీళ్ళలో నిలబడి మా ఆయన్ని పైకి లాగుతున్నాడు. గోనెసంచి నాని బరువెక్కి కిందికి గుంజుతోంది. తుపాకీ గట్టు మీద పడి ఉంది, ఎర్ర దారం బురదలో కనపడుతోంది. మా ఆయన ముఖం మాత్రం మామూలుగా ఉంది. ఏదో అడగబోయి ఆగినట్టుంది.

పోలీసులు వచ్చి తుపాకీ తెరిచారు. లోపల ఖాళీ డొప్ప ఉంది. తుపాకీ పక్కనే ఉంది, పేలిన తూటా అందులోనే ఉంది. ఇంక వాళ్ళకి వెతకడానికి ఏముంది. దెబ్బ దగ్గర్నుంచే తగిలిందని డాక్టరు రాశాడు, నీళ్ళలో నానడం వల్ల ఎంత దగ్గరో చెప్పలేనన్నాడు. నేను పోలీసులకి చెప్పింది ఒక్కటే, మా ఆయన తూటా పెట్టుకుని నడిచే మనిషి కాదని. ఆ రోజు పెట్టుకున్నాడమ్మా అన్నారు. ఖాళీ డొప్ప దూర్చి గుర్రం వదిలే సంగతి నాకు తట్టనే లేదు. గిన్నె మీద మూత పెట్టానని ఎవరైనా పోలీసులకి చెప్తారా? అది నాకు అలాంటి పనే. వాళ్ళకీ అడగాలని తెలియదు.

మకాం ఖాళీ చేశాను. కొత్త కాపలా వాళ్ళు వచ్చారు. అవనిగడ్డలో బస్సెక్కి బందరులో దిగాను. బందరే ఎందుకంటే, ఆ హోటల్లో గిన్నెలు తోమే మనిషి కావాలని ఎవరో చెప్పారు, అంతకంటే కారణం లేదు. తమ్ముడు కూడా ఆ పని మానేశాడు. గుడివాడలో చేపలు ఐసులో ప్యాకింగు చేసే షెడ్డులో కుదిరాడు. నెలకోసారి ప్యాసింజరు రైల్లో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సంచిలో బొచ్చె చేప తలకాయ ఒకటి తెచ్చేవాడు. నన్ను చూడడానికి వచ్చే మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే. నెలంతా ఆ రోజు కోసమే చూసేదాన్ని.

అయితే వచ్చినవాడు లోపలికి వచ్చేవాడు కాదు. నాది మేడ మీద వాటా, గుమ్మం అవతల పై మెట్టు మీద కూర్చునేవాడు. పులుసు పెడతాను, తినరా అంటే తినొచ్చానక్కా అనేవాడు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పక్కన పెట్టుకునేవాడు. అతను వెళ్ళాక చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉండేవి. బావ లేని ఇంట్లో ముద్ద దిగడం లేదు పాపం అనుకున్నాను.

గుడివాడ వెళ్ళి ఆసామిని కలిశాను. మా ఆయన అలా పోయే మనిషి కాదు, మళ్ళీ చూడమనండి అన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, కుర్చీ వేయించాడు. కాలుజారి పడ్డాడని రాయించడమే నీకు మేలు అన్నాడు, లోతుగా కదిపితే కావాలని చేసుకున్నాడని తేలుతుంది, అప్పుడు నీకే తలవంపులు అన్నాడు. ఆ మాటతో నాకు కాలు నిలవలేదు. కోర్టులో పేదవాళ్ళకి ఊరికే చూసిపెట్టే లాయరమ్మ ఉంటుందని హోటల్లో విని, గిన్నెల చేతులతోనే వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. చిన్న వయసు పిల్ల. ఏం కావాలమ్మా అంది. నన్ను వదిలేసి పోయాడో లేదో తెలియాలి అన్నాను. అలా రాస్తే కోర్టు తీసుకోదు అని నవ్వి, వాళ్ళ మాటల్లో రాసుకుంది.

ఆవిడ తిరగ్గా తిరగ్గా ఆ డొప్పని, మా చెరువు తుపాకీని, పక్క చెరువు తుపాకీని ల్యాబుకి పంపించారు. అక్కడ ఏం చేస్తారో ఆవిడ చెప్పింది. రెండు తుపాకుల్నీ వాళ్ళే కాల్చి, ఆ డొప్పలు తీసుకుంటారట. మిషను అన్నిటి అడుగులూ ఫొటోలు తీస్తుంది. మన డొప్పకి ఏది దగ్గరగా ఉంది, ఆ తర్వాత ఏది, ఆ తర్వాత ఏది అని వరస పెడుతుంది. ఆ పైన మనిషి కూర్చుని భూతద్దంలో చూసి తేలుస్తాడు. సంబంధాలు చెప్పేవాడు పది సంబంధాలు తెచ్చి వరసగా చెప్పినట్టన్నమాట. పిల్లని చూసుకోవాల్సింది మనమే.

ఒంటిలో దొరికిన తూటా రవ్వల్ని చూసి చెప్పలేరా అని అడిగాను. వాటి మీద తుపాకీ గుర్తు పడదటమ్మా, డొప్ప మీదే పడుతుంది అంది.

మొదటి ల్యాబు నుంచి కాగితం వచ్చింది. మిషను మా తుపాకీనే మొదట పెట్టింది. చూసిన ఆఫీసరు కూడా ఈ డొప్పని పొడిచిన సూది ఈ తుపాకీదేనని రాశాడు. లాయరమ్మ ఆ సంగతి చెప్పి నా ముఖంలోకి చూడలేకపోయింది. నేను ఆ రోజు హోటలుకి వెళ్ళలేదు. బస్టాండులో కూర్చున్నాను. ఏ బస్సూ ఎక్కలేదు, ఊరికే వాళ్ళు ఊళ్ళ పేర్లు అరుస్తుంటే వింటూ కూర్చున్నాను. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ. అయితే వదిలేసే పోయాడన్నమాట అనుకున్నాను. ముందు రోజు సాయంత్రం కూర బాగుందని కూడా అన్నాడే అనుకున్నాను.

ఆ నెల తమ్ముడు వచ్చినప్పుడు చెప్పాను. నేల చూస్తూ విన్నాడు.

"ఇంక వదిలెయ్యక్కా. పోయిన మనిషిని మళ్ళీ మళ్ళీ బయటికి లాగడం దేనికి" అన్నాడు.

నా బాధ చూడలేక అన్నాడనుకున్నాను.

నేను వదిలేసేదాన్నేమో కూడా. వదలకపోవడానికి కారణం రేషను కొట్టు. బియ్యానికి వేలు పెట్టాలి కదా. చిన్నప్పటి నుంచి చేపల ఉప్పు, సున్నం, ఇప్పుడు గిన్నెల సోడా, వీటితో నా వేళ్ళ గీతలు అరిగిపోయాయి. వేలి మిషను నన్ను ఎప్పుడూ ఒప్పుకోదు. ఈ వేలు ఈ మనిషిది కాదు అంటుంది. అప్పుడు డీలరు కళ్ళు చూసే ఇంకో మిషను తెస్తాడు. అది చూడగానే నేను నేనేనని ఒప్పుకుంటుంది. ఒక మిషను నన్ను కాదంది, ఇంకోటి అవునంది, మనిషిని మాత్రం ఒక్కదాన్నే. ఆ వేళ బియ్యం సంచి తీసుకుని ఇంటికి రాలేదు, సంచితోనే లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. డొప్పలు చూసే మిషన్లు కూడా రెండు రకాలుంటాయా అని అడిగాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ఉంటాయి అంది.

కోర్టు రెండో ల్యాబుకి పంపమంది. అక్కడ కొత్త మిషను. అది పక్క చెరువు తుపాకీని మొదట పెట్టింది. మాది ఎక్కడో కిందికి పోయింది.

ఇప్పుడు ఒకే డొప్పకి రెండు తుపాకులు. రెండు ల్యాబుల వాళ్ళనీ కోర్టు రమ్మంది. ఆ రోజు తమ్ముడు పొద్దున్నే బందరు వచ్చాడు, నేనే తోడు రమ్మన్నాను. చేప సంచి నా వాటా తలుపుకి తగిలించి, నాతో షేరాటోలో కోర్టుకి వచ్చి, వెనక బల్ల మీద కూర్చున్నాడు.

మొదటి ల్యాబు ఆఫీసరు పెద్దాయన. మా మిషను పై నుంచి ఫొటో తీసి చూస్తుంది, సూది గుర్తు ఎర్ర దారం తుపాకీదానితో సరిపోయింది, నేను కూడా కళ్ళతో చూశాను, అందులో అనుమానం లేదు అన్నాడు. రెండో ల్యాబు నుంచి వచ్చినావిడ నడివయసు మనిషి, నా కంటే నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆయన చెప్పింది నిజమే అంది. కోర్టులో అందరూ తలెత్తారు. మా మిషను గుంటల లోతు కూడా కొలుస్తుంది, సూది గుంట చుట్టూ ఉన్న ఇత్తడిని కూడా చూస్తుంది, అది చెప్పిందీ నిజమే అంది.

గోడ మీద టీవీలో ఆ డొప్ప అడుగుని పెద్దది చేసి చూపించారు. చెరువంత కనపడింది. మధ్యలో గుంట. ఆవిడ పుల్ల పెట్టి చూపించింది. ఇది ఒక గుంట కాదు, రెండు. ఒకదాని మీద ఒకటి, కొంచెం పక్కకి జరిగి పడ్డాయి. కింది గుంట పక్క చెరువు తుపాకీ సూదిది. మందు పేలినప్పుడు డొప్ప వెనక్కి గట్టిగా తన్నుకుని, చపాతీ పిండి మీద పీట గీతలు పడ్డట్టు, తుపాకీ లోపలి వెనక గోడ గీతలు దాని అడుగున పడతాయి. ఈ డొప్ప మీద పడిన గీతలన్నీ పక్క చెరువు తుపాకీవే. మా తుపాకీ గీత ఒక్కటీ లేదు. మా తుపాకీది పై సూది గుంట ఒక్కటే.

"అంటే, ఈ తూటా పేలింది పక్క చెరువు తుపాకీలో. ఆ తర్వాత ఖాళీ డొప్పని ఇంకో తుపాకీ సూది ఉత్తినే పొడిచింది" అంది ఆవిడ.

ఖాళీ డొప్పని తుపాకీలో పెట్టి ఎవరైనా ఎందుకు పొడుస్తారని జడ్జిగారు అడిగారు. అది నాకు తెలియదండీ, గుర్తులు ఉన్నాయి, నేను చెప్పగలిగింది అంతే అంది.

నాకు అప్పుడు వినపడింది. కోర్టు హాల్లో, ఫ్యాను కింద, టక్ మని. లేచి నిలబడ్డాను. లాయరమ్మ నా చెయ్యి పట్టుకుంది కానీ జడ్జిగారు చెప్పనివ్వమన్నారు.

"పడుకోబెట్టాడండీ" అన్నాను.

అర్థం కాలేదు వాళ్ళకి. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఉప్పు గాలి, డాల్డా డబ్బా, గుర్రం వదలడం, అన్నం పెట్టమనడం, అన్నీ చెప్పాను. మా డబ్బాలో తమ్ముడి డొప్పలు కూడా ఉండేవని, ఆ సాయంత్రం చేతికి వచ్చినది దూర్చి ఉంటాడని చెప్పాను. నా బొంగురు గొంతు ఆ హాల్లో నాకే పెద్దగా వినపడింది. ల్యాబు ఆవిడ నా వైపు తిరిగి విని, తల ఊపి, ఆ రెండో గుంట వైపు మళ్ళీ చూసింది. నేను కూడా చూశాను. వెన్నలో వేలు పెట్టినట్టు, చిన్న నొక్కు. మా ఆయన చేతి పనుల్లో ఇంకా మిగిలి ఉన్నది అదొక్కటే. నేను కంచాలు కడగడానికి లేచిన క్షణం అది. ఆ సాయంత్రం పడుకోబెట్టిన తుపాకీ పొద్దున్న లేవనే లేదు. పడుకున్నది పడుకున్నట్టే ఆయన భుజాన ఉంది.

వదిలేసి పోలేదు.

వెనక్కి తిరిగి చూశాను, ఆ మాట తమ్ముడికి చెప్దామని. బల్ల ఖాళీగా ఉంది.

కోర్టు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండు టీలు చెప్పాడు. గ్లాసు నాకిచ్చి, తన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అలా పెట్టడం చూశాక నాకు మెట్టు మీద పోసినవి పోసినట్టే ఉన్న మంచినీళ్ళ గ్లాసులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. అక్కడ ఉన్నవి రెండే తుపాకులు. ఒకటి నిద్రపోతోంది.

"గూడబాతు అనుకున్నానక్కా" అన్నాడు.

టీ గ్లాసు పట్టుకుని అతని వైపు తిరిగాను.

"గట్టు వార వంగి కూర్చుని ఉంది, బూడిద రంగుగా. ఎదురుగానే. బస్తాలు చింపేస్తున్నాయి కదా అవి. లేచే లోపల కొట్టాను."

గోనెసంచి. తల మీద నుంచి కప్పుకోమని ఇచ్చింది నేనే, చలి అని.

"ఏమైనా అన్నాడా?" అని అడిగాను.

"ఒరేయ్ అన్నాడు. అంతే."

టీ కొట్టు వాడు చిల్లర ఇస్తే తమ్ముడు తీసుకోలేదు. నాకు కోపం రాలేదు, ముందు రాలేదు. మంచులో పొరపాటు పడడం నాకు తెలుసు, ఆ మంచులో నేను బతికాను. తర్వాత వచ్చింది. కింద నుంచి పైకి, నెమ్మదిగా.

"ఆ మాట ఆ రోజే చెప్పాల్సిందిరా. నన్ను వద్దనుకుని పోయాడేమో అనుకుంటూ ఇన్నాళ్ళూ నేను బతికాను. మెట్టు మీద కూర్చుని చూశావు."

"చెప్తే ఆ మెట్టు కూడా ఎక్కనివ్వవు కదక్కా. నాకు మాత్రం ఎవరున్నారు."

అతని ముఖంలోకి చూశాను. ముసలివాడైపోయాడు, నేను చూసుకోనే లేదు. ఇద్దరం కలిసి ఒకే మనిషిని పోగొట్టుకుని, నెలకోసారి ఒక గుమ్మానికి అటూ ఇటూ కూర్చున్నాం. ఒకళ్ళకి తెలుసు, ఒకళ్ళకి తెలియదు. నేను టీ గ్లాసు అతని గ్లాసు పక్కన పెట్టి, నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. అతను లోపలికి వెళ్ళి లాయరమ్మకి తనే చెప్పాడని, అటునుంచి అటే పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది.

తలుపుకి చేప సంచి వేలాడుతోంది. ఎండకి వాసన వేస్తోంది. దాన్ని తీసి లోపల పెట్టుకుని, ఆ రోజు ఏడ్చాను. పోగొట్టుకున్న మనిషికి ఎలా ఏడవాలో అలా ఏడ్చాను. టీచరమ్మ వచ్చి ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుంది. ఆ సంచి ఆవిడే తీసి బయట పారేసింది.

ఆ గుంట ఫొటో ఒకటి ఇప్పించమని లాయరమ్మని అడిగాను. జిరాక్సు తెచ్చి ఇచ్చింది. నల్లగా అలుక్కుపోయింది, అందులో ఏమీ కనపడదు. అయినా గోడకి అంటించాను. టీచరమ్మ ఇంటికి వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతుంటారు. మా ఆయన అని చెప్పలేను కదా. కోర్టు కాగితం అంటాను.

ఇప్పుడు నెలంతా ఎదురుచూసే రోజు ఏదీ లేదు. ఆదివారం పొద్దున్న ప్యాసింజరు కూత వినపడితే చెయ్యి ఇంకా గ్లాసు కోసం వెళ్తుంది. సాయంత్రం ఒక కంచం కడుగుతాను. కడిగే ముందు కాసేపు ఊరికే కూర్చుంటాను, చెవి ఆ చప్పుడుకి అలవాటు పడిపోయి.

తమ్ముడికి బెయిలు వచ్చిందని విన్నాను. మొన్న ఒక మధ్యాహ్నం మెట్ల కింద దగ్గు వినపడింది. ఐసు షెడ్డులో పట్టిన దగ్గు, నాకు తెలుసు అది ఎవరిదో. పైకి రాలేదు. మొదటి మెట్టు దగ్గరే నిలబడ్డాడు. నేను లోపల మంచం మీద ఉన్నాను. తలుపు తీసే ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను. రెండు చెరువులు దాటి వినపడే గొంతు నాది, నీటికాకుల్ని లేపిన గొంతు. పది మెట్లు దిగలేకపోయింది. కాసేపటికి దగ్గు వీధి చివరికి వెళ్ళింది. తర్వాత అది కూడా వినపడలేదు.

లేచి వెళ్ళి చూశాను. కింది మెట్టు మీద ఏమీ లేదు. ఈసారి చేప కూడా తేలేదు.